ముగింపులో వెలుగు లేని కీర్తన: రోగి కుంగుబాటు, కాపరి మాట

విలాప కీర్తనలకు సాధారణంగా ఒక క్రమం ఉంటుంది: మొర, ఫిర్యాదు, విన్నపం, చివరకు స్తుతి. 13వ కీర్తన ఆరు వచనాల్లోనే ఆ దారి ముగిస్తుంది. 22వ కీర్తన ఎంత లోతు నుండి మొదలైనా సమాజమధ్యమున స్తుతికి చేరుతుంది. ఎజ్రాహీయుడైన హేమాను పేరిట ఉన్న 88వ కీర్తన మాత్రం అక్కడికి చేరదు. హెబ్రీ మూలంలో దాని ఆఖరి మాట చీకటి.

దీర్ఘరోగంతో మంచం పట్టిన విశ్వాసి మనస్సు కూడా కృంగినప్పుడు, మనలో అనేకులం రోమా 8:28 తెరిచి, విశ్వాసం పెంచుకొమ్మని చెప్పి లేచి వస్తాము. ఆ వచనం సత్యమే. అయితే రోగి మాట పూర్తి కాకముందే చెప్పిన సత్యం అతని నోరు మూయిస్తుంది. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనంగా కూర్చున్నంతసేపు మేలే చేశారు. దేవుడు 42:7లో తప్పుపట్టినది ఆ తరువాత వారు పలికిన మాటలనే.

హేమాను ఏమి చేశాడో గమనించండి. యౌవనము నుండి మరణానికి సమీపంగా ఉన్నానంటాడు (15). స్నేహితులు దూరమయ్యారని రెండుసార్లు చెబుతాడు (8, 18). తన బాధకు దేవుడే కారణమని నిలదీస్తాడు. అయినా మూడుసార్లు ఆ దేవునికే మొరపెడతాడు (1, 9, 13). కుంగుబాటు అవిశ్వాసానికి రుజువైతే ఈ ప్రార్థనకు లేఖనంలో చోటుండేది కాదు.

మన ఉత్తర తెలంగాణ సాహిత్యంలోనూ దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. 1954 జనవరి 12న పుట్టిన జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ క్షయతో 1993లో తన పుట్టినరోజునే హైదరాబాదులో మరణించాడు. రోగం, పేదరికం కలిసి పీడిస్తున్న కాలంలోనే ‘సంక్షోభ గీతం’ (1990), ‘సిటీ లైఫ్’ (1992) వెలువడ్డాయి. ఆయన రాసినవి ప్రార్థనలు కావు. అయినా బాధను తీపి చేయకుండా చెప్పడానికి కూడా బలం కావాలని అవి మనకు నేర్పుతాయి.

అయితే కీర్తన చికిత్సకు బదులు కాదు. నిద్రలేమి, ఆకలి తగ్గడం, నీరసం రోగానివే అనుకొని కుంగుబాటును గుర్తించకపోవడం తరచుగా జరుగుతుంది. మొండి క్షయకు వాడే సైక్లోసెరిన్ వంటి మందు కూడా మనస్సును కుంగదీయవచ్చు. మందు మానమని చెప్పే అధికారం కాపరికి లేదు. వైద్యునికి తెలియజేయమని చెప్పే బాధ్యత ఉంది. రోగి చావు మాట ఎత్తితే అతనిని ఒంటరిగా విడువకూడదు, వెంటనే వైద్యసహాయం అందించాలి. 2022లో ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

హుస్నాబాద్ చుట్టుపక్కల గ్రామాల్లో రోగిని దర్శించే కాపరికి నా సూచన ఒక్కటే. 88వ కీర్తనను పద్దెనిమిదవ వచనం వరకు నెమ్మదిగా చదవండి. 89వ కీర్తనలోకి పరుగెత్తకండి. తరువాత మాట్లాడవలసినవాడు రోగి.