రథధ్వని, కారు రంగు: వాహనము అభిజ్ఞానమగు తీరు

ధనమును, ధనముచే లభించు గౌరవమును వస్తువుగాఁ గొన్న ఆధునిక నవలలలో అమెరికా రచయిత ఎఫ్. స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్ రచించిన 'ది గ్రేట్ గాట్స్‌బీ' ప్రసిద్ధమైనది. ఇది 1925లో ప్రకటితమైనది. ఇందలి నాయకుని మోటారుకారు ఐశ్వర్యమునకుఁ బ్రతీక యని విమర్శకులు తఱచుగాఁ జెప్పుచుందురు. ఆ మాట సత్యమే. కాని అంతటితో నిలిచినచో ఆ కారు కథలో నిర్వహించిన కార్యము మఱుగుపడును. కథాసంవిధానమున నది యొక అభిజ్ఞానము, అనఁగా గుర్తు. ఆ గుర్తును గ్రహించుటలో జరిగిన పొరపాటే నాయకుని మరణమునకు హేతువైనది. ఈ విషయమును విశదపఱచుటకు మేము చిరపరిచితమైన నలోపాఖ్యానమును దాని సరసన నుంచి చూడఁ దలఁచితిమి. ఒకదాని ప్రభావము మఱొకదానిపైఁ గలదని మా యభిప్రాయము కాదు. రెండు కథలయందును అతివేగముగాఁ బోవు వాహన మొకటి కలదు. రెండింటను యజమానుఁ డొకఁడు, నడపినవారు వేఱొకరు. ఈ సామ్యమే మా పరిశీలనకు ఆధారము.

నలోపాఖ్యానము అరణ్యపర్వమునందలిది, తెలుఁగున నన్నయ రచించిన భాగమునఁ జేరినది. శ్రీనాథుని శృంగారనైషధమునఁ గథ నలుని రాజ్యనాశము వఱకు సాగదు గాన రథప్రయాణఘట్ట మందు లేదు. మూలభారతమునఁ గథ యిట్లున్నది. జూదమున రాజ్యమును గోల్పోయి, కర్కోటకుని కాటుచే వికృతరూపుఁడైన నలుఁడు బాహుకుఁడను పేర అయోధ్యాపతి యగు ఋతుపర్ణుని కొలువునఁ జేరెను. దమయంతీ ద్వితీయస్వయంవర వార్తను విన్న ఋతుపర్ణుఁడు ఒక్క దినమున విదర్భను జేరఁ గోరెను. బాహుకుఁ డెన్నుకొన్న గుఱ్ఱములు కృశించియుండుటఁ జూచి రాజు శంకించెను. రథము సాగిన పిమ్మట రాజు ఉత్తరీయము జాఱిపడెను. ఆపుమని చెప్పునంతలో రథ మొక యోజనము దాటిపోయెను. ఇచట వేగము గుఱ్ఱముల పైరూపమువలనఁ గాని, రథమున కైన వ్యయమువలనఁ గాని కలిగినది కాదు. సారథి విద్యవలనఁ గలిగినది. జూదము నలుని సర్వస్వమును హరించినను ఆ అశ్వవిద్యను మాత్రము హరింపఁజాలలేదు.

కుండినపురమున దమయంతి ఆ రథధ్వనిని విని నలుఁడే వచ్చుచున్నాఁడని సంతసించినది. రథము ఋతుపర్ణునిదైనను ఆమె చెవికి సోఁకినది సారథి నైపుణ్యము. రథము వచ్చి నిలిచినంతనే నలుఁడు కానరాలేదు. కురూపి యగు బాహుకుఁడు కానవచ్చెను. అపుడామె గుర్తును వెంటనే త్రోసిపుచ్చలేదు; వెంటనే నమ్మనూ లేదు. ఈ విద్యను వార్ష్ణేయుఁడు నేర్చెనేమో, ఋతుపర్ణుఁడే నలునివంటివాఁడేమో యని వితర్కించి, కేశినిని బంపి పరీక్షింపించినది. మా దృష్టిలో ఈ పరీక్షయే యీ ఘట్టమునకుఁ బ్రాణము. గుర్తు విచారణకుఁ బ్రారంభ మైనదే కాని తీర్పు కాలేదు.

ఇఁక గాట్స్‌బీ కథ. ఉత్తర డకోటాలోని పేదయింట జేమ్స్ గాట్జ్ అను పేరఁ బుట్టిన యువకుఁడు, మద్యనిషేధకాలమున చట్టవిరుద్ధమార్గముల ధనమార్జించి, పూర్వము తాను ప్రేమించిన డెయిజీని మరలఁ బొందఁ గోరును. ఆమె అప్పటికే పుట్టుధనికుఁడగు టామ్ బుకానన్‌కు భార్య. గాట్స్‌బీ సౌధము, విందులు, కారు అన్నియు నామె చూపును ఆకర్షించుటకే. మీఁగడవన్నెతో, నికెలు మెఱపులతో నొప్పు ఆ పెద్ద కారు నెఱుఁగనివారు లేరని కథకుఁడు చెప్పును. టామ్ దానిని సర్కసుబండి యని యెగతాళి చేయును. థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లోఁ బ్రకటించిన గ్రంథమున ధనము గౌరవహేతువగుటకు దానిని పరులకుఁ గానవచ్చునట్లు వ్యయింపవలెనని ప్రతిపాదించెను. గాట్స్‌బీ దీనిని సంపూర్ణముగా నాచరించెను. కాని పుట్టుధనికుల వీథిలో ఆ యాచరణమే యతనిని క్రొత్తవానిగాఁ బట్టియిచ్చినది.

అనర్థము జరిగిన దినమున కార్లు తాఱుమాఱైనవి. న్యూయార్కునకుఁ బోవునపుడు గాట్స్‌బీ కారును టామ్ నడపెను. దారిలో విల్సన్ అనువాని గారేజీకడ నాఁగఁగా, విల్సన్ భార్యయు టామ్ ప్రియురాలు నగు మిర్టిల్ కిటికీనుండి యతనిని జూచెను. తిరుగుప్రయాణమున అదే కారును డెయిజీ నడపినది, గాట్స్‌బీ ప్రక్కనుండెను. అందు టామ్ ఉన్నాఁడని తలఁచి మిర్టిల్ రోడ్డుమీఁదికిఁ బరుగెత్తి ఆ కారు క్రిందనే మరణించెను. ఇది మొదటి పొరపాటు. విల్సన్‌ది రెండవది. మధ్యాహ్నము తాను నడపిన కారు తనది కాదని టామ్ ఆ రాత్రియే యతనికిఁ జెప్పెను. అనఁగా ఆ కారు నడపువాఁడు యజమానుఁడే కానక్కఱలేదని విల్సన్‌కుఁ దెలిసినది. అట్లయ్యు నా జ్ఞానమును భార్యమరణవిషయమున నతఁ డుపయోగింపలేదు. యజమానుని పేరు టామ్‌వలననే తెలిసికొని గాట్స్‌బీని కాల్చి, తానును మరణించెను. దమయంతికిఁ గేశిని యుండెను. విల్సన్‌కుఁ గేశిని లేదు.

ఇచట రెండాక్షేపములు రావచ్చును. రథము కూడ రాజలాంఛనమే కదా, ఋతుపర్ణుఁడు వేగమును గోరినది కామార్థమే కదా యనుట మొదటిది. ఇది యథార్థము, ప్రాచీనకాలమున అంతస్తుపై మోజు లేదని మేము చెప్పుట లేదు. కాని ఆ రాజు తన సేవకుని విద్యను గుర్తించి, అక్షహృదయము నతని కిచ్చి, అశ్వహృదయమును బ్రతిగాఁ గోరెను. కొలువుతారతమ్యము ఆ క్షణమున విద్యయెదుట నిలువలేదు. గాట్స్‌బీ తాను నడపితినని చెప్పుటకు సిద్ధపడెను గాన అది పొరపాటు కాదు, త్యాగము అనుట రెండవది. త్యాగ మున్నమాట నిజమే. అయినను విల్సన్ ఆ మాట వినియుండలేదు. కారు యజమానుఁడనుటయే యతనికిఁ జాలినది. డెయిజీ దంపతులు తమ ధనము చాటునకుఁ దొలఁగిపోయిరి.

కావున ఈ నవలలోని కారును ఐశ్వర్యప్రతీక యని మాత్రమే బోధించుట చాలదని మా నిశ్చయము. విద్య నడపువానితోఁ గూడియుండును గాన రథధ్వని వికృతరూపమును దాటి నలునిఁ జేరెను. కొన్న వస్తువు ఎవరి చేతఁ బడినను ఒకే రంగునఁ గానవచ్చును; కొన్నవాని పేరును జెప్పును గాని నడపినవాని పేరును జెప్పదు. తన గౌరవము నంతటిని అట్టి వస్తువునకు నప్పగించినవాఁడు, దాని వలన వచ్చిన నిందను సైతము తానే మోయవలసివచ్చును. మన ఆధునిక నవలలయందు కారు, మేడ, నగ మున్నగునవి కానవచ్చినపుడు అవి దేనికిఁ బ్రతీకలని మాత్రమే యడుగక, వానిని బట్టి యెవరు ఎవరిని గుర్తించుచున్నారు, ఆ గుర్తింపు పరీక్షకు నిలుచుచున్నదా యని పరిశోధకులు విచారింతురు గాక.