శత్రుసేన లెక్క: ఏజాక్స్, రాయచూరు

టొరాంటోకు తూర్పున, ఒంటేరియో సరస్సు ఒడ్డున ఉన్న ఏజాక్స్ పట్టణానికి ఆ పేరు హోమర్ నుంచి నేరుగా రాలేదు. ఒక బ్రిటిష్ యుద్ధనౌక మీదుగా వచ్చింది. 1939 డిసెంబరు 13న ప్లేట్ నదీముఖం వద్ద ఏజాక్స్, అకిలీజ్, ఎక్సెటర్ నౌకలు గ్రాఫ్ ష్పే అనే జర్మన్ నౌకతో తలపడ్డాయి. దెబ్బతిని మాంటివిడియో రేవు చేరిన జర్మన్ కెప్టెన్ లాంగ్స్‌డార్ఫ్, బయట పెద్ద నౌకాదళం కాచుకుని ఉందన్న వదంతిని నమ్మాడు. నిజానికి అక్కడున్నవి మూడు క్రూజర్లే. డిసెంబరు 17న తన నౌకను తానే ముంచేశాడు. తరిగిపోయిన మందుగుండు కూడా అందుకు కారణమే. కాని లేని సేనను లెక్కలో వేసుకోవడమూ అంతే బలమైన కారణం.

ఉన్న సేనను లెక్కలో వేయకపోవడం రెండో రకం పొరపాటు. ఈ పట్టణమే 1941లో ఫిరంగి గుండ్లలో మందు కూరే కర్మాగారం చుట్టూ పుట్టింది. అక్కడ సుమారు 9,000 మంది పనిచేశారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. యుద్ధం ముగిసేలోగా దాదాపు 4 కోట్ల గుండ్లు నింపారు. పటాలాలను మాత్రమే లెక్కించే శత్రువుకు వీరు కనిపించరు. (మన అక్షౌహిణిలో 21,870 రథాలకు చోటుంది, వంటవాళ్ళకు లేదు.)

ఈ దృష్టితో చూస్తే, కృష్ణదేవరాయల రాయచూరు దండయాత్రపై నూనిజ్ రాసిన వృత్తాంతాన్ని మనం సగమే చదువుతున్నామనిపిస్తుంది. సేనానుల వారీగా అతనిచ్చిన అంకెలను సీవెల్ కూడితే 7,03,000 కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులు తేలాయి. మన వ్యాసాలు ఎత్తిరాసేది ఈ మొత్తాన్నే. కాని 1520 నాటి యుద్ధం గురించి నూనిజ్ రాసింది పదిహేనేళ్ళ తర్వాత. 30,000, 50,000, లక్ష అంటూ అన్నీ గుండుగుత్త అంకెలే. రణరంగంలో తలలు లెక్కపెట్టినట్టు కాక, ఒక్కొక్క నాయకుడు పోషించవలసిన సేనల పద్దులా కనిపిస్తాయి నాకు.

అతని వాక్యాలు ప్రాణం పోసుకునేది ఆ జాబితా దాటాకే. లెక్కకందని చాకళ్ళు, సేన వెంట నడిచిన 20,000 మంది వేశ్యలు, వీరందరి సామాను. రాజుకు ముందుగా పది పన్నెండు వేలమంది తోలుతిత్తులతో నీళ్ళు వెతుకుతూ పోయి, తెచ్చిపెట్టేవారు లేని వాళ్ళకు అందించడానికి దారి పొడవునా నిలబడ్డారట. సీవెల్ కూడిన మొత్తంలో వీరెవరూ లేరు.