ఒక్క బాణానికి ఆర్నెల్ల కసరత్తు

విస్కాన్సిన్‌లో విల్లంబులతో జింకల వేట సెప్టెంబరు మధ్యలో మొదలవుతుంది. అక్కడి విలుకాళ్ల పని మాత్రం మంచు కరిగిన ఏప్రిల్ నుంచే మొదలవుతుంది. సీజన్ మొత్తమ్మీద ఒక్కొక్కరు జింక మీద వదిలేది ఒకటో రెండో బాణాలు. చాలామందికి ఆ ఒక్క అవకాశం కూడా చిక్కదు. దాని కోసమే వేసవంతా పెరట్లో వందల బాణాలు వేస్తారు, వింటిని విప్పుతారు, బిగిస్తారు, మళ్లీ విప్పుతారు. కొత్తగా చూసేవాళ్లకు ఇది చాదస్తంలా ఉంటుంది. ఈ సంప్రదాయంలో నేను గౌరవించేది సరిగ్గా ఆ చాదస్తాన్నే. గోడకు తగిలించిన కొమ్ములు నాకు పెద్దగా ఏమీ చెప్పవు. కాగితంలో పడ్డ చిల్లు చూసి, ఇంకా కుదరలేదని గొణుక్కుంటూ మళ్లీ పనిముట్లు చేతబట్టే మనిషి చాలా చెబుతాడు.

ఈ వేట అమెరికాలో మళ్లీ ఊపిరి పోసుకున్నది ఓ ఒంటరి మనిషి వల్ల. 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర ఇషి బయటి ప్రపంచంలోకి వచ్చాడు. యాహి తెగలో మిగిలిన ఆఖరివాడు. అతనికి వైద్యం చేసిన డాక్టర్ శాక్స్‌టన్ పోప్ అతని దగ్గరే విల్లు చెక్కడం, బాణం కట్టడం, అలికిడి లేకుండా నడవడం నేర్చుకున్నాడు. 1916లో ఇషి చనిపోయాడు. 1923లో పోప్ రాసిన పుస్తకం ఒక తరాన్ని విల్లు పట్టేలా చేసింది. 1934లో విస్కాన్సిన్ రెండు కౌంటీల్లో విల్లంబులకే ప్రత్యేకంగా జింకల వేటకాలం కేటాయించింది. ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఆల్డో లియోపోల్డ్ తన విళ్లు తానే చెక్కుకునేవాడు. భార్య ఎస్టెల్లా విలువిద్యలో రాష్ట్ర చాంపియన్. వేటలో చూసేవాళ్లు, తీర్పు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు గనక వేటగాడు తన మనస్సాక్షికే జవాబు చెప్పుకోవాలని ఆయన వాదించాడు. కింద చెప్పబోయే పనులన్నీ ఆ జవాబులో భాగాలే.

ఇషి వాడింది కర్రవిల్లు. ఇప్పుడు ఎక్కువమంది చేతుల్లో కనిపించేది కాంపౌండ్ విల్లు. మిస్సోరికి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్ 1966లో దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టి 1969లో పొందాడు. మామూలు వింటిని లాగేకొద్దీ బరువు పెరుగుతుంది. పూర్తిగా లాగి గురి చూసే వేళకు చేతులు వణుకుతాయి. ఆలెన్ వింటి రెండు కొసలకూ చక్రాలు పెట్టి, వాటి ఇరుసును నడిమధ్యన కాకుండా ఓ పక్కకు జరిపాడు. అలాంటి చక్రాలనే క్యామ్‌లంటారు. లాగడం మొదలెట్టగానే బరువు గబగబా పెరుగుతుంది, క్యామ్ ఓ హద్దు దాటి తిరిగాక చప్పున తేలికవుతుంది. ఇప్పటి విళ్లలో ఈ తగ్గుదల 80 శాతం దాకా, కొన్నిట్లో ఆపైన కూడా ఉంటుంది. 70 పౌండ్ల వింటిని, అంటే దాదాపు 32 కిలోల బరువును లాగినవాడు చివర్లో పట్టి ఉంచాల్సింది 14 పౌండ్లే. జింక చెట్టు చాటు నుంచి ఇవతలికి వచ్చేదాకా ఆగడానికి ఆ తేలిక పనికొస్తుంది. అందుకు బదులుగా క్యామ్‌లు, కేబుళ్లు, నారి, బాణం ఆనే రెస్టు ఇవన్నీ ఒకదానితో ఒకటి పొత్తు కుదిరి ఉండాలి. ఏ ఒక్కటి బెసికినా బాణం తోక ఊపుకుంటూ పోతుంది.

అన్నిటికన్నా ముందు వింటి కొలత మనిషికి సరిపోవాలి. రెండు చేతులూ బార్లా చాపి, ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొసకు ఎన్ని అంగుళాలో కొలిచి రెండున్నరతో భాగిస్తే మనం ఎంత దూరం లాగాలో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 70 అంగుళాలుంటే 28. వేగం పెరుగుతుందన్న ఆశతో ఓ అంగుళం ఎక్కువ పెట్టించుకునేవాళ్లు కోకొల్లలు. వాళ్ల తల వెనక్కి వాలుతుంది, విల్లు పట్టిన మోచేయి బిర్రబిగుస్తుంది, నారి ముంజేతిని గీరుకుంటుంది. ఇక ఏ మరమ్మతూ ఆ బాణాన్ని నిలకడగా పంపలేదు. బరువు విషయమూ అంతే. కుర్చీలో కూర్చుని, విల్లును ఆకాశం వైపు ఎత్తకుండా తిన్నగా లాగగలిగితేనే ఆ బరువు మనది.

తర్వాత క్యామ్‌ల లెక్క. పూర్తిగా లాగినప్పుడు పైదీ కిందిదీ ఒకే క్షణాన తమ ఆగుడు చోటికి చేరాలి. ఒకటి ముందుగా చేరితే బాణం వెనక కొస పైకో కిందికో కదులుతూ బయల్దేరుతుంది. దుకాణంలో వింటిని ఓ చట్రానికి తగిలించి, చిన్న చేతి మరతో మెల్లగా లాగుతూ దీన్ని పరీక్షిస్తారు. తేడా ఉంటే బో ప్రెస్‌లో వింటి ఒత్తిడి దించి కేబుల్‌కు అర మెలికో ఒక మెలికో తిప్పుతారు. ప్రెస్ లేకుండా ఈ పనికి దిగకూడదు. బాణం లేకుండా నారి వదలనూకూడదు. బాణంతో పోవాల్సిన శక్తంతా వింట్లోకే తిరిగొచ్చి లింబ్‌లు, అంటే వింటి వంగే బద్దలు, చీలిపోతాయి, మనిషికీ దెబ్బ తగులుతుంది.

బాణం గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. వదిలిన క్షణంలో బాణం కర్ర వంగి లేస్తుంది. ఎంత వంగుతుందన్నదే దాని స్పైన్. 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద కర్రను ఆనించి మధ్యన 1.94 పౌండ్ల బరువు వేలాడదీసినప్పుడు 0.340 అంగుళం వంగితే దాన్ని 340 అంటారు. అంకె తగ్గేకొద్దీ కర్ర గట్టిది. వింటి బరువు పెంచినా, ముందు బరువైన ములికి తొడిగినా, కర్ర పొడవు పెంచినా ఇంకా గట్టి కర్ర కావాలి. కార్బన్ బాణాన్ని వేసే ముందు ప్రతిసారీ చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచి చూడాలి. చిటపటమన్నా, వేలికి చీలిక తగిలినా ఆ బాణాన్ని విరిచి పారేయడమే. చీలిన కర్ర నారి విసురుకు పగిలి ముక్కలు ముంజేతిలో దిగుతాయి.

ఇక కాగితం పరీక్ష. ఈ పనులన్నిట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఓ చట్రానికి పలచటి కాగితం బిగించి, ఐదారడుగుల దూరంలో నిలబడి దాంట్లోంచి బాణం వేస్తారు. ములికి ఓ గుండ్రటి చిల్లు చేస్తుంది. ఈకలు చుట్టూ మూడు గీతలు చీలుస్తాయి. బాణం తిన్నగా పోతే ఆ మూడు గీతలూ చిల్లు చుట్టూ పొందిగ్గా అమరుతాయి. ఈకల చీలిక చిల్లుకు రెండంగుళాలు పైన పడిందంటే బాణం తోక ఎత్తుకుని పోతోందన్నమాట. రెస్టును వెంట్రుకవాసి పైకి జరపాలి, లేదా నారి మీద బాణం తొడిగే చోటును అంతే కిందికి దించాలి. పక్కకు చీలితే చూడాల్సినవి ఎక్కువ. రెస్టు, క్యామ్ వాలు, స్పైన్, వాటన్నిటికన్నా ముందు విల్లు పట్టిన చేయి. పిడిని గుప్పిట బిగించి పట్టుకునేవాడి కాగితం రోజుకో తీరుగా చిరుగుతుంది. బొటనవేలి మొదట్లోని కండ మీద పిడి ఆని, మిగతా వేళ్లు వదులుగా ఉంటే చిరుగు ఒక్క తీరున వస్తుంది. అందుకే తెలిసినవాళ్లు ఒక్క చిల్లు చూసి పానా అందుకోరు. మూడు చిల్లులూ ఒకే మాట చెప్పాకే వింటి మీద చేయి వేస్తారు.

కాగితం దగ్గర నెగ్గిన విల్లును దూరం మళ్లీ నిలదీస్తుంది. అట్టపెట్టె మీద నిలువుగా టేపు అంటించి, వింటి గురిసాధనంలో 20 గజాలకు అమర్చిన పిన్నుతోనే దాని పై కొసకు గురిపెట్టి 20, 30, 40 గజాల నుంచి వేస్తారు. వెనక్కి వెళ్లేకొద్దీ బాణాలు కింద పడటం సహజం. అలా పడుతూ ఎడమకు జారుతుంటే రెస్టు కుడికి పోవాలి. ఆ తర్వాతే అసలు పరీక్ష. సాధనలో వాడే ములికి మొద్దుగా, సూటిగా ఉంటుంది. వేట ములికికి, అంటే బ్రాడ్‌హెడ్‌కు, పదునైన రెక్కలుంటాయి. బాణం రవ్వంత వంకరగా బయల్దేరినా ఆ రెక్కలు గాలిని పట్టుకుని దాన్ని పక్కకు నడిపిస్తాయి. వెనకున్న ఈకలు ఒకవైపు లాగితే ఇవి ఇంకోవైపు లాగుతాయి. వేసవంతా 40 గజాల్లో పిడికిలంత చోట బాణాలు గుచ్చినవాడి బ్రాడ్‌హెడ్ అరడుగు ఎడంగా పడటం మామూలే. అప్పుడు గురి పిన్ను జరపడం తప్పు. బ్రాడ్‌హెడ్ పడ్డ చోటి నుంచి మామూలు ములికి పడ్డ చోటు ఏ దిక్కున ఉందో ఆ దిక్కుకు రెస్టును పిసరంత జరపాలి, మళ్లీ వేసి చూడాలి. రెండూ ఒకే చోట పడే రోజు వస్తుంది. తగిలాక విచ్చుకునే ములికులు కొనుక్కుంటే ఈ బాధ తప్పుతుందని కొందరంటారు. అవి సూటిగానే పోతాయి. కానీ విచ్చుకోవడానికి బాణం శక్తిలో కొంత తినేస్తాయి, పైగా సరిగా కుదరని విల్లు లోపాన్ని దాచిపెడతాయి. తక్కువ బరువు లాగేవాళ్లకు నేనైతే కదలని రెక్కల ములికే మేలంటాను.

విల్లు కుదిరాక మనిషి కుదరాలి. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్ వింటితోనే. ఆ ఆటలో గురి 50 మీటర్ల దూరాన కదలకుండా ఉంటుంది, బాణం వెంట బాణం వేయవచ్చు. వేటలో దూరం మనమే పోల్చుకోవాలి, పడేది ఒక్క బాణం, ఒళ్లు చలికి కొయ్యబారి ఉంటుంది. అందుకే ఆగస్టు వచ్చేసరికి సాధన తీరు మారాలి. పొద్దున్నే కాఫీకి ముందు పెరట్లోకి వెళ్లి, ఒళ్లు వేడెక్కకుండానే ఒకే ఒక్క బాణం వేసి వచ్చేయాలి. అది ఎక్కడ పడిందో రాసుకోవాలి. సాయంత్రం వేసే యాభై బాణాల కన్నా ఆ ఒక్కటే సెప్టెంబరులో మనమేం చేయగలమో నిజం చెబుతుంది. వేటలో తొడుక్కునే మందపాటి కోటుతోనే వేయాలి. చంక దగ్గర నారికి తగిలే గుడ్డ సంగతి అప్పుడే తెలుస్తుంది.

మంచె మీద నుంచి వేయడం గురించి అపోహలు ఎక్కువ. 20 అడుగుల ఎత్తున కూర్చున్నప్పుడు జింక చెట్టు మొదలుకు 20 గజాల దూరంలో ఉంటే ఏటవాలు దూరం 21 గజాలే. ఆ ఒక్క గజంతో కొంప మునగదు. కానీ చేయి మాత్రమే కిందికి దించి నడుము వంచకపోతే లాగిన కొలత మారుతుంది, కన్ను నారి మీది పీప్ రంధ్రం నుంచి తప్పుతుంది, బాణం జింక వీపు మీదుగా పోతుంది. ముందు నేల మీద నిలబడినట్టే తిన్నగా లాగి, ఆపైన నడుము దగ్గర వంగాలి. నడుముకూ భుజాలకూ కట్టుపట్టీ లేకుండా మంచె ఎక్కకూడదు. సాధనలోనైనా సరే.

ఇంకో జబ్బుంది. పిన్ను గురి మీదికి రాగానే వేలు తనంతట తాను నారిని వదిలే పరికరం ట్రిగ్గర్ నొక్కేస్తుంది, లేదా పిన్ను గురికి కాస్త కింద బిగుసుకుపోయి పైకి రానంటుంది. దీన్ని టార్గెట్ పానిక్ అంటారు. పెద్ద పెద్ద విలుకాళ్లనూ ఇది వదల్లేదు. మందు ఒక్కటే. వారాల తరబడి గురి గుర్తే లేని గడ్డిమోపు ముందు రెండడుగుల దూరంలో నిలబడి, కళ్లు మూసుకుని, వెన్ను కండరాలు మెల్లగా బిగుస్తుండగా బాణం తనంతట తాను వెళ్లేలా చేయడం. విసుగు పుట్టించే పనే, కానీ అడ్డదారి లేదు.

ఎంత దూరం నుంచి వేయాలన్నదే ఈ వేటలో నీతికి సంబంధించిన మొదటి ప్రశ్న. బాణం వేగం సెకనుకు 280 అడుగులనుకుందాం. 30 గజాలు దాటడానికి సెకనులో దాదాపు మూడో వంతు పడుతుంది. నారి చప్పుడు సెకనుకు 1,100 అడుగుల పైచిలుకు వేగంతో జింక చెవిని అంతకన్నా చాలా ముందే చేరుతుంది. పావు సెకను మిగులుతుంది. దూకడానికి కాళ్లు కూడదీసుకునే తెల్లతోక జింక ఒళ్లు ఆ పావు సెకనులో కిందికి దిగుతుంది. ఊపిరితిత్తుల మీదికి పోవాల్సిన బాణం వెన్ను దగ్గర గుచ్చుకుంటుంది. 60 గజాల్లో వేశానని గొప్పలు పోయేవాళ్ల మాట నాకు రుచించదు. బాణం ఎంత సూటిగా పోయినా అది చేరేసరికి జింక అక్కడ ఉండదు. పక్కవాటుగానో, మనకు కాస్త వెన్ను తిప్పిన వాలులోనో నిలబడ్డ జింకకు ఎనిమిది పది అంగుళాల చోటు మాత్రమే మర్మస్థానం. పొద్దుటి తొలి బాణాలు వరసగా ఏ దూరం దాకా ఓ భోజనం పళ్లెంలో పడ్డాయో అంతవరకే మన హద్దు. చాలామందికి అది 25 గజాలు.

బాణం తగిలాక కూడా తొందర పనికిరాదు. నేల మీద నెత్తురు గులాబీ రంగులో నురగలా ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు. అయినా అరగంట ఆగి కదలాలి. బాణం మీద పచ్చటి పసరు, వాసన ఉంటే పొట్టలో తగిలింది. గంటల తరబడి ఆగాలి. తరిమితే గాయంతో మైళ్లు పోయి దొరక్కుండా చస్తుంది. అలా పోగొట్టుకోవడం ఈ వేటకు పెద్ద మచ్చ. పైన చెప్పిన పరీక్షలన్నీ ఆ మచ్చ పడకుండా ఉండటానికే.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో, ఆ తర్వాత దానికి వచ్చిన సవరణలతో ఇలాంటి వేటకు తెరపడింది. నల్లమల చెంచులకు తరతరాల నుంచి కొట్టినపిండైన విలువిద్యకూ ఆ కట్టడి తప్పలేదు. అదే 1972లో అమెరికా విల్లంబుల అమ్మకాన్ని వన్యప్రాణి నిధికి చేరే 11 శాతం పన్ను కిందికి తెచ్చింది. తుపాకుల మీది పన్నును ఆ నిధికి మళ్లించింది 1937 నాటి చట్టం. అక్కడి పులులు లేని, తోడేళ్లు తగ్గిన అడవుల్లో జింకలు కోట్లకు చేరాయి. రెండు దేశాల అడవులు వేరు, అవసరాలు వేరు. ఒకదాని నీతిని ఇంకోదానికి అంటగట్టడం నాకు సబబనిపించదు.

అక్కడున్న మన తెలుగువాళ్లు ఎవరైనా దీన్ని నేర్చుకోవాలనుకుంటే చలికాలం చివర్లోనే మొదలెట్టాలి. 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు విస్కాన్సిన్‌లో వేట లైసెన్సుకు ముందు భద్రతా శిక్షణ పూర్తి చేయాలి. ఆ రాష్ట్రంలో జింకకు కనీసం 30 పౌండ్ల విల్లుండాలి. మొదటి ఏడాదికి 45 పౌండ్లది ధారాళంగా సరిపోతుంది. కొనే ముందు దుకాణంలో లాగే కొలత చూపించుకోండి. కాగితం పరీక్ష మీ చేత వేయించి చూపించమనండి, దుకాణంవాడు తాను వేసి చూపితే చాలదు. చిల్లు ఆయన చేతికి కాదు, మీ చేతికి కుదరాలి.