పక్కలు మేస్త్రీకి, ముందు కంపెనీకి

జీపుల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే మాట ఎక్కడ మొదలైనా చివరికి ఇనుము దగ్గరికే వస్తుంది. బంపరు చేయించుకోవాలా, కొనుక్కోవాలా? స్లైడర్లు షెడ్డులో కొట్టించాలా, పెట్టెలో వచ్చేవి బిగించుకోవాలా? చేయించుకుంటేనే మజా అని ఒకడంటాడు. వీధి చివరి వెల్డింగును నమ్ముకుని కొండెక్కుతావా అని ఇంకొకడు దెప్పుతాడు. ఇద్దరూ బంపరునీ స్లైడర్నీ ఒకే గాటన కట్టి మాట్లాడతారు. తకరారంతా అక్కడే ఉంది. నా జిమ్నీకి ఈ పని చేయించే క్రమంలో ఆ రెంటినీ విడదీసి ఆలోచించడం అలవాటైంది.

ముందు స్లైడరు సంగతి. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే లావుపాటి ఇనుప గొట్టం అది. కాలు పెట్టి ఎక్కడానికీ పనికొస్తుంది గానీ దాని అసలు ఉద్యోగం వేరు. వాగులో బండరాయి మీంచి దిగేటప్పుడు బండి పక్కకు ఒరిగితే ఆ బరువు తలుపు కింది రేకు మీద పడనీయకుండా తాను మోయాలి, రాయి మీద జారించి అవతలికి చేర్చాలి. జిమ్నీ బరువు రమారమి 1,200 కిలోలు. అందులో సగం ఒక్కోసారి ఆ ఒక్క గొట్టం మీదే నిలబడుతుంది. అచ్చం ఇలాగే కనిపించే 'సైడ్ స్టెప్'లు యాక్సెసరీ షాపుల్లో బోలెడు. వాటిని పల్చటి క్లాంపులతో బాడీకి బిగిస్తారు. రాయి తగిలితే అవి పైకి మడుచుకుపోయి, కాపాడాల్సిన రేకునే సొట్టపరుస్తాయి. కొన్నా, చేయించినా మొదట అడగాల్సింది ఇదే: కాళ్లు దేనికి బిగుస్తాయి, ఛాసిస్‌కా, బాడీకా? ఛాసిస్‌కు అయితేనే అది స్లైడరు.

ఇక కొలతలు. మన దేశంలో 2023 జూన్‌లో అమ్మకానికి వచ్చింది ఫైవ్ డోర్ జిమ్నీ. జపాన్‌లో 2018లో వచ్చింది త్రీ డోర్. చిన్నదాని వీల్‌బేస్ 2,250 మిల్లీమీటర్లు, మనది 2,590. అంటే రెండు చక్రాల మధ్య జానెడున్నర పొడవు పెరిగింది. ఆ మేరకు మిట్టను పొట్ట తగలకుండా దాటే కోణం 28 డిగ్రీల నుంచి 24కు తగ్గింది. కాబట్టి స్లైడరు అవసరం మన బండికే ఎక్కువ. చిక్కేమిటంటే, బయటి దేశాల్లో రాళ్ల మీద ఏళ్ల తరబడి నలిగి నిలిచిన డిజైన్లు చాలావరకు త్రీ డోర్ కొలతలవి. 'జిమ్నీకి సరిపోతుంది' అన్న ఒక్క మాట చూసి డబ్బు కట్టేవాళ్లు వీల్‌బేస్ ఎంతో అడిగి తీరాలి. ఫైవ్ డోర్ కొలతకే తయారైనవీ ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిలో మంచివి లేకపోలేదు. జిగ్గులో పెట్టి చేసిన సరుక్కి ఉండే గుణాలు వాటికుంటాయి: ఎడమా కుడీ ఒకే కొలత, బోల్టు రంధ్రాలు ఉండాల్సిన చోటే, పౌడర్ కోటింగ్ మూలమూలకూ. ఒకటి వంగిపోతే అలాంటిదే ఇంకోటి తెప్పించుకోవచ్చు.

అయినా నేను విజయవాడ ఆటోనగర్ దారి పట్టాను. కంపెనీ నుంచి ఛాసిస్, ముందు మొహం మాత్రమే వస్తే మిగతా లారీ అంతా కట్టి రోడ్డెక్కించిన చోటు అది. అక్కడ ఎవరినడిగినా మొదట చేతిలోకి వచ్చేది టేపే, కేటలాగు కాదు. నా బండి కిందికి దూరిన మేస్త్రీ లేచి, చేతులు తుడుచుకుంటూ అడిగిన మొదటి ప్రశ్న గొట్టం మందం గురించి కాదు. "ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కుతారా సార్? అమ్మగారికి మోకాళ్ల నొప్పులున్నాయా?" ఉన్నాయన్నాను. వెనక తలుపు దగ్గర గొట్టాన్ని కొంచెం బయటికి తీసి, పైన గళ్ల రేకు పరిచి పాదం ఆనేంత చోటు పెట్టాడు. ఆ ప్రశ్న ఏ పెట్టెలోనూ రాదు.

తర్వాత పని నడిచిన తీరు చెప్పుకోదగ్గది. అట్టముక్కను ఛాసిస్‌కు ఆనించి సుద్దతో గీత గీశాడు. బ్రేకు పైపు, పెట్రోలు పైపు ఎటు పోతున్నాయో టార్చి వేసి చూసి, కాళ్ల చోట్లు రెండు అంగుళాలు జరిపాడు. అట్ట కొలతకు ప్లేటు కోయించి ఛాసిస్‌కు అటొకటి ఇటొకటి పెట్టి బోల్టులతో బిగించాడు. కంపెనీ వదిలిన రంధ్రాలనే వాడాడు, కొత్తది ఒక్కటీ వేయలేదు. బ్యాటరీ టెర్మినల్ విప్పాకే ట్యాకులు కొట్టాడు. నాలుగు తలుపులూ తీసి చూసి, జాకీ పెట్టే చోటుకు అడ్డం రావట్లేదని నిర్ధారించుకుని, మొత్తం ఊడదీసి బల్ల మీద పూర్తి వెల్డింగు చేశాడు. గొట్టాన్ని సమంగా కాకుండా కాస్త పైకి లేచేలా వంచి పెట్టాడు, రాయి మీద బండి ఒరిగినప్పుడు బయటికి తోసేలా. చివర్లు మూసి, అడుగున సన్నటి రంధ్రాలు వదిలాడు. వాగు నీళ్లు లోపల నిలిచిపోతే తుప్పు లోపల్నుంచి తినేస్తుంది కదా.

రెడ్ ఆక్సైడ్ పూయకముందే చూసుకోమని పిలిచాడు. మంచి మేస్త్రీకి గుర్తు అదే. అతుకు ఎక్కడైనా తెగిందా, కాలు గొట్టాన్ని చుట్టూ పట్టుకుందా లేక పైపైన అంటుకుందా అన్నది పచ్చి ఇనుము మీద కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నున్నగా గ్రైండింగ్ చేసి, నల్లరంగు కొట్టి చూపించేవాడి దగ్గర ఏమీ కనిపించదు. ఇంకో సంగతి: గేట్లు, గ్రిల్లుల అలవాటుతో కొందరు కిలో లెక్కన రేటు చెబుతారు. అలా ఒప్పుకుంటే బరువు పెరిగేకొద్దీ లాభం అతనిది, భారం మన స్ప్రింగులది. పని మొత్తానికి ఇంత అని మాట్లాడుకోవడమే మేలు. చివరికి స్లైడరు నడుమ జాకీ పెట్టి అటువైపు చక్రాలు రెండూ గాలిలోకి లేచేదాకా ఎత్తాం. గొట్టం వంగలేదు, తలుపు మామూలుగానే తెరుచుకుని పడింది. ఇంతకు మించిన పరీక్ష స్లైడరుకు అక్కర్లేదు.

ఊపు మీదున్న మేస్త్రీ, "ముందుకీ ఒకటి కొట్టేస్తాను సార్, బండికి లుక్కొస్తుంది" అన్నాడు. దాన్నెలా పరీక్ష చేస్తాం అని అడిగాను. "గుద్ది చూడాలి" అని నవ్వేశాడు.

నవ్వులాటకు అన్నా అసలు తేడా ఆ మాటలోనే ఉంది. ఈ కాలపు బండ్లలో ప్లాస్టిక్ బంపరు వెనక ఒక లోహపు అడ్డబద్ద, దాని వెనక గుద్దుకున్నప్పుడు ముడుచుకుపోయి దెబ్బను మింగే భాగాలు ఉంటాయి. ఎయిర్‌బ్యాగులు పేల్చాలా వద్దా అని కంప్యూటరు తేల్చుకునేది బండి వేగం ఏ తీరున, ఎంత త్వరగా పడిపోతోందన్న లెక్కతో. ఆ లెక్క ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ముందు భాగానిది. అక్కడ మందపాటి ఇనుప బంపరు నేరుగా ఛాసిస్‌కు బిగిస్తే లెక్క మారిపోవచ్చు. ఎలా మారిందో వెల్డింగు చూసి చెప్పగలిగే కన్ను లేదు. కంగారూలు రోడ్డుకు అడ్డం పడే ఆస్ట్రేలియాలో 1975లో మొదలైన ఏఆర్‌బీ వంటి కంపెనీలు ఎయిర్‌బ్యాగులతో పొసిగేలా బంపర్లు తయారుచేయడానికి ప్రత్యేకంగా శ్రమపడేది అందుకే. పైగా ఇనుప బంపరు, వించి కలిస్తే ఒక మనిషిని తీసుకెళ్లి బానెట్ ముందు కూర్చోబెట్టినట్టే. స్ప్రింగులు కుంగుతాయి, బ్రేకు పడే తీరు మారుతుంది.

లాగే కొక్కెం విషయమూ అంతే. 19 మిల్లీమీటర్ల మంచి షాకిల్ మీద 4.75 టన్నులని అచ్చుపోసి ఉంటుంది. షెడ్డులో అతికిన కొక్కెం మీద ఏ అంకే ఉండదు. బురదలో దిగబడ్డ బండిని తాడుతో లాగుతుండగా ఆ అతుకు ఊడితే, ఇనుప ముక్క ఎవరి మీదికి దూసుకొస్తుందో చెప్పలేం.

చట్టం ఎలాగూ ఉంది. క్రాష్ గార్డులు, బుల్ బార్లు మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణ తర్వాత, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. స్లైడర్లకు ఇదేమీ వర్తించదని ధీమా పడొద్దు. బోల్టులతో బిగేవే కావాలని నేను పట్టుబట్టడానికి అదీ ఒక కారణం. స్పానరు ఉంటే చాలు, విప్పి గోడకు ఆనించేయొచ్చు.

చేతిపనిని తక్కువ చేస్తున్నానని ఆటోనగర్ వాళ్లు అనుకోనక్కర్లేదు. బస్సు బాడీలు కట్టడంలో వాళ్లకు ఉన్న అనుభవం చిన్నది కాదు. ఆ బస్సులకే ఏఐఎస్-052 అనే కోడ్ వచ్చి, సీట్ల ఎడం నుంచి బాడీ బలం దాకా నిబంధనలు పెట్టింది. పనితనం తగ్గి కాదు. బస్సు బోల్తా పడితే పైకప్పు నిలుస్తుందా లేదా అన్నది ఎంత చెయ్యి తిరిగినవాడికైనా చూపుకు అందదు కాబట్టి.

నా జిమ్నీ ముందు భాగం కంపెనీ ఇచ్చినట్టే ఉంది. ముందు అప్రోచ్ కోణం ఎలాగూ 36 డిగ్రీలు. నేను తిరిగే మారేడుమిల్లి వైపు మట్టిదారులకు, వాగులకు అది చాలు. పోటీలకు వెళ్లేవాళ్లు, రోడ్డెక్కని బండి ప్రత్యేకంగా పెట్టుకున్నవాళ్లు వేరేలా తేల్చుకోవచ్చు. మిగతావాళ్లు షెడ్డు మెట్టెక్కినప్పుడు ధర కంటే ముందు ఒకటి అడగండి: ఇది గట్టిగా ఉందని, రంగు వేయకముందే నాకెలా చూపిస్తావు? చూపించగలిగిన పని నిశ్చింతగా చేయించుకోండి, కొన్నదానికంటే మీ బండికి, మీ ఇంటివాళ్లకు బాగా అమరుతుంది. చూపించలేని పని అయితే, పరీక్ష పెట్టి పేరు అచ్చువేసినవాడి దగ్గర కొనండి. చట్టం దానికీ ఒప్పుకోకపోతే ఉన్న బంపరును ఉండనివ్వండి.