ఇరవై పుటల సాక్ష్యం

సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం, భాషాశాస్త్రం, కళల అధ్యయనం వంటి విద్యలను కలిపి మానవీయ శాస్త్రాలు అంటున్నాము. వీటిలో పైచదువుకు దరఖాస్తు పెట్టే తెలుగువారిలో ఇంజనీరింగో కామర్సో చదివి, నాలుగైదేళ్లు ఉద్యోగం చేసి, అచ్చయిన పరిశోధన పత్రం గానీ సదస్సులో చేసిన ప్రసంగం గానీ లేకుండానే వచ్చేవారు కొందరుంటారు. తమకు అనుభవం లేదన్న బెంగతో వారు దరఖాస్తులోని ప్రతి గడినీ సర్టిఫికెట్లతో నింపాలని చూస్తారు. దాన్ని చదివే ఆచార్యుడు మాత్రం ఈ మనిషి ఒక గ్రంథం ముందు ఎంతసేపు కూర్చోగలడు, కూర్చుని ఇతరుల కంటపడని దేన్ని పట్టుకోగలడు అన్న సంగతినే వెతుకుతాడు.

అన్ని ద్వారాల దగ్గరా ఈ వెతుకులాట ఒకేలా ఉండదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి కేంద్రీయ సంస్థల్లో ఎం.ఏ. ప్రవేశానికి రాసే సీయూఈటీ పీజీలో 75 బహుళైచ్ఛిక ప్రశ్నలుంటాయి. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. అక్కడ అభ్యర్థి తన ఆలోచనను చూపే చోటే లేదు కనుక, ఏ డిగ్రీ వారైనా సిలబస్ చదివి దాటవలసిన గడపగానే దాన్ని చూడాలి. పీహెచ్‌డీ సంగతి వేరు. 2022 నాటి యూజీసీ నిబంధనలు నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు ఎం.ఏ. లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవచ్చన్నాయి గానీ, ఏ సబ్జెక్టు వారిని రానివ్వాలన్నది ఆయా విభాగాల ప్రకటనల్లోనే చూసుకోవాలి. అమెరికాలో డిగ్రీతో నేరుగా పీహెచ్‌డీలో చేరడం పాత ఆచారమే. అక్కడి పెద్ద విభాగాలు చాలావరకు ఫీజు మాఫీ చేసి, బోధనలో సాయం చేసినందుకు నెలనెలా భృతి ఇస్తాయి. ఎం.ఏ.లకు ఆ వెసులుబాటు అరుదు. సాహిత్యంలో మాస్టర్స్ కోసం ఇల్లు తాకట్టు పెట్టి విదేశానికి వెళ్లడం తెలివైన పని అనిపించుకోదు.

అమెరికా పీహెచ్‌డీ దరఖాస్తుల్లో అన్నిటికంటె బరువైనది రచనా నమూనా, అంటే అభ్యర్థి స్వయంగా రాసిన, సాధారణంగా 15 నుంచి 25 పుటలుండే విమర్శ వ్యాసం. మూడేళ్లు బీఏ ఆనర్స్ చదివినవారి దగ్గర ఇటువంటిది ఏదో ఒకటి సిద్ధంగా ఉంటుంది. బయటినుంచి వచ్చేవారు దాన్ని పుట్టించుకోవాలి. ఇక్కడే చాలామంది ఆసక్తిని ప్రశ్న అనుకుని పొరపడతారు. తెలంగాణ సాహిత్య చరిత్ర అంటే ఇష్టమని చెప్పడం ఆసక్తి. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించినప్పుడు, ఆ సంకలనం ఎవరిని కవిగా లెక్కించింది, ఛందస్సులో పద్యం కట్టడమే కొలబద్ద అయితే పాట కట్టి పాడినవారు ఆ లెక్కలోకి ఎలా వస్తారు, ఉనికిని నిరూపించుకోవాలన్న తొందర సంకలనకర్త ఎంపికను ఎటు నడిపించింది అని అడగడం ప్రశ్న. అటువంటి ప్రశ్నకు కావలసింది ఒక పుస్తకం, దానిమీద అప్పటికే వచ్చిన నాలుగైదు మంచి వ్యాసాలు, మూడు నాలుగు నెలల సాయంకాలాలు.

ఇంజనీరింగ్ నుంచి వచ్చినవారు ఈ పనిలో మొదట పట్టికలు గీస్తారు. జిల్లాల వారీగా, ప్రక్రియల వారీగా కవులను విభజించి, వ్యాసం పూర్తయిందనుకుంటారు. పట్టిక మంచి సాధనమే, కాని అది వాదం కాదు. వాదం అంటే చదివినవారు కాదనడానికి వీలున్న మాట. ఎవరూ కాదనలేని మాటను ఇరవై పుటలు సాగదీస్తే అది పాఠ్యపుస్తకం అవుతుంది. ఇంతకూ ఆ సంచికను తెచ్చిన సురవరం న్యాయశాస్త్రం చదివిన వకీలు, పత్రికా సంపాదకుడు. ఆయన రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది గానీ, నేటి అర్హతల పట్టిక పట్టుకుని చూస్తే ఆయనను చరిత్ర విభాగంలో చేర్చుకునేవారో లేదో చెప్పడం కష్టం.

ఆధారాల విషయంలో ఇక్కడివారు తమను తాము తక్కువ చేసుకుంటారు. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారం, హైదరాబాదులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, పాత పత్రికల నిధిగా పేరున్న వేటపాలెం సారస్వత నికేతనం బస్సు దూరంలో ఉండగా, విదేశీ సిద్ధాంతకర్తల పేర్లను ఉల్లేఖిస్తేనే వ్యాసానికి గౌరవం వస్తుందనుకోవడం తెలుగు అభ్యర్థులకు అలవాటైన బలహీనత. తెలుగు చదవగలగడమే ఒక అర్హత అని వారికి ఎవరూ చెప్పరు.

ఇక సిఫారసు లేఖ. తెలుగులో ఈ మాటకు పలుకుబడి వాసన అంటుకుని ఉండడం వల్ల, పెద్ద హోదాలో ఉన్నవారి సంతకం దొరికితే చాలనుకునేవారు ఎక్కువ. రాసుకుని రమ్మని, తాము సంతకం మాత్రం పెట్టే అధ్యాపకులకూ కొరత లేదు. నిజానికి ఆ లేఖ ఒక సాక్ష్యం: అభ్యర్థి రాతను చదివి, దానితో విభేదించి, తిరగరాయించినవారు మాత్రమే ఇవ్వగలిగిన సాక్ష్యం. కళాశాలలో అటువంటివారు దొరకకపోతే, నమూనా వ్యాసాన్నే దగ్గరలోని విశ్వవిద్యాలయంలో ఆ విషయం తెలిసిన ఆచార్యుడికి పంపి అభిప్రాయం కోరవచ్చు. పదిమందికి రాస్తే ఇద్దరు జవాబిస్తారేమో. ఆ ఇద్దరిలో ఒకరు వ్యాసం రెండో ప్రతిని కూడా చదివితే, లేఖ అడిగే హక్కు అప్పుడు పుడుతుంది.

దరఖాస్తుదారుడు ఏమి చదవదలచాడో, ఎందుకో వివరించే ఉద్దేశ్య ప్రకటన గురించి చెప్పవలసింది తక్కువ. అమీర్‌పేట కన్సల్టెన్సీల్లో నమూనాలుగా తిరిగే ప్రకటనలన్నీ బాల్యంలో తాతగారు చెప్పిన కథలతో మొదలవుతాయి. ఆ తాతగారిని వదిలేసి, నమూనా వ్యాసం రాస్తున్నప్పుడు జవాబు దొరకని ప్రశ్న ఏదో దానితోనే మొదలుపెట్టవచ్చు. ఉద్యోగంలో గడిచిన ఏళ్లకు సంజాయిషీ అక్కర్లేదు, ఒక్క వాక్యం చాలు.

అమెరికా విభాగాల గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో పడతాయి. వ్యాసానికి కనీసం రెండు తిరగరాతలు, లేఖలు రాసేవారికి నెల రోజుల వ్యవధి కావాలి కనుక, వచ్చే ఏడాది చేరదలచినవారు గ్రంథాలయ సభ్యత్వం ఈ ఉగాదికే తీసుకోవాలి.