శిల్పం, శాసనం, కావ్యం: సి. శివరామమూర్తి పద్ధతి – ఒక పరిశీలన

1. పరిచయం

కళాచరిత్రకారుడు చేసే పని ఏమిటి అని పరీక్షలో అడిగితే చాలామంది విద్యార్థులు ‘శిల్పాల అందాన్ని వర్ణించడం’ అని రాస్తారు. వర్ణన అవసరమే. కానీ ఆ శిల్పం ఏ కాలానిది, అందులో ఉన్నది ఏ కథ, దాన్ని ఎవరు ఎందుకు చేయించారు అన్న ప్రశ్నలకు ఆధారాలతో జవాబు చెప్పినప్పుడే అది చరిత్ర అవుతుంది. దక్షిణ భారత శిల్పం విషయంలో ఈ పనిని జీవితమంతా చేసినవారిలో సి. శివరామమూర్తి (1909–1983) ముఖ్యులు.

ఆయన మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో పురావస్తు విభాగం క్యూరేటరుగా పనిచేశారు. తర్వాత భారత పురావస్తు సర్వేక్షణ శాఖలో, కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో పనిచేసి, ఢిల్లీలో నేషనల్ మ్యూజియం డైరెక్టరు అయ్యారు. 1975లో పద్మభూషణ్ పురస్కారం అందుకున్నారు. ఈ వివరాలు గుర్తుపెట్టుకోండి. వీటికంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఆయన సంస్కృత సాహిత్యం క్షుణ్ణంగా చదివినవారు, ప్రాచీన లిపులు చదవగలవారు, బొమ్మ గీయగలవారు. ఒకే రాయి ముందు ఈ మూడు విద్యలతో నిలబడగలగడమే ఆయన ప్రత్యేకత. ఈ పాఠంలో ఆయన పద్ధతి ఎక్కడ బలంగా నిలుస్తుందో, ఎక్కడ జాగ్రత్తగా స్వీకరించాలో చూద్దాం.

2. అమరావతి: అక్షరం చెప్పిన కాలం

అమరావతి మహాచైత్యం శిల్పాలు ఇప్పుడు ఒకచోట లేవు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరాయి. వాటిలో చాలా భాగం లండన్ వెళ్లి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. స్థలం నుంచి విడిపోయిన రాళ్లకు వరుసక్రమం ఎలా కట్టాలి? 1942లో వెలువడిన తన అమరావతి గ్రంథంలో శివరామమూర్తి ఈ ప్రశ్నను ఎదుర్కొన్నారు. రాళ్ల మీదున్న చిన్న చిన్న దాన శాసనాల అక్షరాల తీరును, శిల్పాల తీరుతో కలిపి పరిశీలించి, మొత్తం నిర్మాణాన్ని నాలుగు దశలుగా విభజించారు.

ఇందులో మీరు నేర్చుకోవలసింది ఒక క్రమశిక్షణ. ‘ఇది పాతదిలా కనిపిస్తోంది’ అనడం అభిప్రాయం. ‘దీని మీద ఈ అక్షరం ఈ రూపంలో ఉంది కాబట్టి దాదాపు ఈ కాలానిది’ అనడం వాదం. వాదాన్ని మరొకరు పరీక్షించవచ్చు, సవరించవచ్చు. అమరావతి విషయంలో అలాగే జరిగింది. తర్వాతి పరిశోధకులు ఈ కాలక్రమాన్ని మళ్లీ పరిశీలించి, ప్రాకారం నిర్మాణాన్ని మరింత ముందు కాలానికి జరిపారు.

సవరణ ఎందుకు అవసరమైంది? లిపి నెమ్మదిగా మారుతుంది. అది దశాబ్దాన్ని చెప్పలేదు, శతాబ్దిని సూచిస్తుంది. పైగా రాయిని మళ్లీ వాడుకోవచ్చు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక అమరావతి పలకకు రెండు వైపులా శిల్పం ఉంది. ఒకవైపు బోధివృక్ష పూజ, ఇంకోవైపు అలంకరించిన స్తూపం. ఈ రెండింటికీ మధ్య రెండు, మూడు శతాబ్దాల తేడా ఉంది. ఒకే రాయి రెండు కాలాలకు చెందినప్పుడు, అక్షరం ఏ కాలపు శిల్పానికి చెందిందో విడిగా తేల్చుకోవాలి.

ఈ శాసనాలకు ఇంకో ఉపయోగం ఉంది. దాతలలో గృహస్థులు, భిక్షుణులు ఉన్నారు. విధికుడనే చర్మకారుడు కూడా ఉన్నాడు. అక్షరాల తీరు కాలాన్ని చెబితే, అక్షరాలలోని విషయం సమాజాన్ని చెబుతుంది. శాసనాన్ని ఈ రెండు విధాలా చదవాలి.

3. కావ్యం అద్దమా, ఆధారమా?

శివరామమూర్తికి బాగా ఇష్టమైన మార్గం శిల్పాన్ని సాహిత్యంతో కలిపి చదవడం. 1955లో వచ్చిన ఆయన గ్రంథం సంస్కృత సాహిత్యాన్ని, కళను భారతీయ సంస్కృతికి అద్దాలని పేరులోనే చెబుతుంది. ఈ మార్గం ఎంత ఫలవంతమో ఒక ఉదాహరణతో చూడండి. చెట్టు మొదట కాలు ఆనించి నిలబడిన స్త్రీ శిల్పాన్ని చూసినవారికి అది ఒక అందమైన భంగిమ మాత్రమే. స్త్రీ పాదం తాకితే అశోకం పూస్తుందన్న దోహద కవిసమయం తెలిసినవారికి అందులో ఒక అర్థం కనిపిస్తుంది.

అయితే ఇక్కడే జాగ్రత్త అవసరం. చెన్నై మ్యూజియంలో ఉన్న అమరావతి వృత్తాకార ఫలకంలో నాలాగిరి ఏనుగు కథ ఉంది. ఒకే ఫలకంలో ఆ ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది: ఒకచోట మదించి జనాన్ని తొక్కుతూ, ఇంకోచోట బుద్ధుని ముందు మోకరిల్లుతూ. మేడ మీద కిటికీల నుంచి స్త్రీలు చూస్తుంటారు. రఘువంశంలో కిటికీల దగ్గరికి పరుగెత్తే పురస్త్రీల వర్ణన చదివినవారికి అది వెంటనే గుర్తొస్తుంది. కాని ఈ శిల్పం కాళిదాసు కంటే ముందుది. అందువల్ల కావ్యం శిల్పానికి మూలం కాజాలదు. ఇద్దరూ ఒకే నగర జీవితాన్ని, ఒకే సంప్రదాయాన్ని చూశారని మాత్రమే చెప్పగలం. ‘అద్దం’ అన్న మాట సరిగ్గా ఇంతవరకే వర్తిస్తుంది. జవాబు రాసేటప్పుడు ‘కావ్యాన్ని చూసి శిల్పి చెక్కాడు’ అని రాయకండి.

4. ద్వారపాలకుడి పీఠం

మధ్యయుగ కళ విషయంలో శివరామమూర్తి ముందుకు తెచ్చిన ముఖ్యమైన ఆలోచన, రాజుల జయయాత్రలతో పాటు కళారీతులు కూడా ప్రయాణం చేశాయన్నది. దీనికి బలమైన ఉదాహరణ దారాసురంలో దొరికి, ఇప్పుడు తంజావూరు ఆర్ట్ గ్యాలరీలో ఉన్న ద్వారపాలక విగ్రహం. దాని శైలి పశ్చిమ చాళుక్యులది. కళ్యాణపురాన్ని కాల్చి, అక్కడి నుంచి ఈ ద్వారపాలకుణ్ణి తెచ్చినట్టు పీఠం మీద తమిళ శాసనం చెబుతుంది. ఆ రాజు చోళ రాజాధిరాజు. శైలి ఒక మాట చెప్పింది, శాసనం అదే మాట చెప్పింది. ఇంతకంటే గట్టి నిర్ధారణ కళాచరిత్రలో అరుదు.

అయితే ప్రతి పోలికకూ జయయాత్రే కారణమా? 8వ శతాబ్దిలో చాళుక్య రెండో విక్రమాదిత్యుడు కంచిని జయించాడు. కైలాసనాథ ఆలయ సంపదను తిరిగి దేవునికే ఇచ్చినట్టు అక్కడ కన్నడ శాసనం వేయించాడు. ఆ విజయానికి గుర్తుగా అతని రాణి లోకమహాదేవి పట్టదకల్లులో గుడి కట్టించింది. అదే నేటి విరూపాక్ష ఆలయం. ఇంతవరకు జయయాత్ర వాదం సరిపోతుంది. కాని ఆ గుడి శాసనాలు గుండ అనే సూత్రధారి పేరు చెప్పి అతనికి దక్కిన బిరుదులను పేర్కొంటాయి. అదే ఊళ్లోని పాపనాథ ఆలయంలో రేవడి ఓవజ్జ పేరు ఉంది. రాజు గెలవగానే గుడి రూపం మారదు. దాన్ని కట్టగల చేతులు కావాలి. ఆ చేతులు సైన్యం వెంటే కాక, పని ఉన్న చోటికీ వెళతాయి. రాజును మాత్రమే కేంద్రంగా తీసుకుంటే శిల్పి కుటుంబాల సంచారం, గురుశిష్య సంబంధాలు మరుగున పడతాయి. ఈ వాదంలోని పరిమితి ఇది.

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. శివరామమూర్తి తూర్పు చాళుక్య శిల్పం మీద కూడా విడిగా రాశారు. బిక్కవోలు ఆలయాల ముందు నిలబడినప్పుడు మీకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది: ఈ పోలిక యుద్ధం వల్ల వచ్చిందా, బంధుత్వం వల్లనా, పని వెతుక్కుంటూ వచ్చిన శిల్పి వల్లనా?

5. సాక్ష్యం పోతే

పద్ధతి ఎంత గొప్పదైనా సాక్ష్యం మిగిలి ఉంటేనే పనిచేస్తుంది. ద్వారపాలకుడి పీఠం మీది ఆ అక్షరాలు చెరిగిపోయి ఉంటే, మనకు శైలి ఆధారంగా చేసే ఊహ మాత్రమే మిగిలేది. జీర్ణోద్ధరణ పేరిట గుడి గోడలకు సిమెంటు పూసినా, శాసన స్తంభానికి ఏటా రంగు వేసినా, రాతిని ఇసుకతో కొట్టి శుభ్రం చేసినా పోయేది అక్షరమే. చేసేవారి భక్తిని శంకించనక్కర్లేదు. ఆ రాయి మీద ఏముందో వారికి చెప్పినవారు లేరు. ఈ పుస్తకం చదువుతున్న మీరు మీ ఊళ్లో ఆ మాట చెప్పగలరు. ముందుగా శాసనం ఫోటో తీసి, అది ఉన్న చోటు, తేదీ రాసిపెట్టుకోండి. రాతిని గీకడం, అక్షరాలలో సుద్ద నింపడం చేయకండి.

6. సారాంశం

శిల్పం, శాసనం, కావ్యం అనే మూడు సాక్ష్యాలను కలిపి విచారించడం శివరామమూర్తి పద్ధతి. రూపం, అక్షరం ఒకే రాతి మీద ఒకే మాట చెప్పినచోట ఆయన నిర్ణయాలు చాలా గట్టివి. కావ్యంతో పోలిక, రాజు విజయం మాత్రమే ఆధారమైనచోట వాటిని సూచనలుగా తీసుకోవాలి. కళాచరిత్రలో ఏ వాక్యం చదివినా ‘ఈ మాట చెబుతున్న సాక్షి ఎవరు?’ అని అడగండి. ఆయన గ్రంథాలను కూడా ఆ ప్రశ్నతోనే చదవండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అమరావతి శిల్పాల కాలనిర్ణయంలో లిపి ఎలా ఉపయోగపడింది? దాని పరిమితులేవి?
2. దారాసురం ద్వారపాలక విగ్రహం, పట్టదకల్లు శాసనాల ఆధారంగా జయయాత్ర వాదాన్ని సమీక్షించండి.
3. మీకు దగ్గరలోని ఒక గుడిలో శాసనం ఎక్కడుందో, ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ఒక పుటలో రాయండి.