పేదవాళ్ల షాంపేనా?

ఇటలీ వాళ్ల నురగల ద్రాక్షసారా గురించి ఎవరు రాసినా రెండో వాక్యంలోకి షాంపేన్ వచ్చి కూర్చుంటుంది. "ప్రొసెక్కో అంటే పేదవాళ్ల షాంపేన్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు పెళ్లిచూపులకొచ్చిన పేరంటాళ్లు గుర్తొస్తారు. చెల్లెల్ని చూడ్డానికొచ్చి, "అక్క పోలిక రాలేదు సుమండీ!" అని పెదవి విరిచి పోతారు. చెల్లెలెలా వుందో మాత్రం చూడరు.

తాగమనీ, మానమనీ చెప్పడం ఈ వ్యాసం పని కాదు. ఒక వస్తువు మంచిచెడ్డలు ఎంచేటప్పుడు ఏ కొలబద్ద పట్టుకోవాలన్నదే నా గొడవ.

ముందు ఆ బుడగల కథ చూద్దాం. ద్రాక్షరసం ఒకసారి పులిస్తే మామూలు సారా. దానికి కాస్త పంచదార, ఈస్టు చేర్చి, మూత బిగించి రెండోసారి పులియబెడితే అందులో పుట్టిన బొగ్గుపులుసు వాయువు బయటికి పోలేక అక్కడే కరిగిపోతుంది. మూత తీయగానే బుసబుసలాడుతూ పైకొస్తుంది. షాంపేన్‌కి ఈ రెండోసారి పులియడం సీసాలోనే జరుగుతుంది. ఆ తర్వాత ఈస్టు మడ్డి మీద నెలలూ సంవత్సరాలూ పడివుండి, కాల్చిన రొట్టె వాసన తెచ్చుకుంటుంది. ప్రొసెక్కోకి మాత్రం ఆ పని పెద్ద పెద్ద ఉక్కు తొట్లలో కొద్ది వారాల్లో ముగిసిపోతుంది.

"చూశారా, చవకబారు పద్ధతి!" అంటారు. చవకే, కాదనను. కానీ దీనికి వాడే గ్లేరా ద్రాక్ష సొగసంతా దాని లేతదనంలో వుంది. పచ్చి యాపిలు, బేరిపండు, తెల్లపూలు గుర్తొచ్చే వాసన. ఏళ్ల తరబడి మడ్డి మీద వుంచితే ఆ వాసన కాస్తా అణగారిపోతుంది. మాగాయ జాడీలో వూరాలి, నిజమే. అలాగని మల్లెపూలు కూడా వూరబెడతామా?

ఈ తొట్టి పద్ధతికి 1895లో పేటెంటు తీసుకున్నది ఫెదెరికో మార్టినోట్టి అనే ఇటలీ ఆయనే. తర్వాత యూజీన్ షార్మా అనే ఫ్రెంచి ఆయన దాన్ని మెరుగుపరిచాడు. ఇప్పుడు లోకమంతా "షార్మా పద్ధతి" అంటుంది. కష్టం ఒకరిదీ, పేరొకరిదీ అన్నది మన వంటిళ్లలో కొత్త సంగతేమీ కాదనుకోండి.

పేరంటే గుర్తొచ్చింది. 2009 దాకా ప్రొసెక్కో అన్నది ద్రాక్ష పేరు కూడా. ద్రాక్ష పేరైతే ఏ దేశంవాడైనా సీసా మీద రాసుకోవచ్చు. వూరి పేరైతే ఆ ప్రాంతం వాళ్లదే హక్కు. త్రియెస్తె దగ్గర ప్రొసెక్కో అనే చిన్న వూరొకటి వుండనే వుంది. ఆ ఆధారంతో పేరుని ప్రాంతానికి కట్టబెట్టి, ద్రాక్షకి గ్లేరా అన్న పాతపేరు ఖాయం చేశారు. అయితే ఆ ప్రాంతాన్ని వెనెతో, ఫ్రియులీ రాష్ట్రాల్లో తొమ్మిది జిల్లాల మేర పరిచేశారు.

నిజంగా తప్పు పట్టాల్సింది ఇక్కడ. కొనెల్యానో, వాల్దొబ్బియాదెనె వూళ్ల మధ్య కొండవాలు తోటలున్నాయి. 2019లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. నిలువు వాలు కాబట్టి అక్కడ కోతంతా చాలావరకు చేతులతోనే. హెక్టారుకి పదమూడున్నర టన్నులకి మించి పండించకూడదని నిబంధన. విశాల ప్రాంతపు ప్రొసెక్కోకి మాత్రం పద్దెనిమిది టన్నుల దాకా అనుమతి వుంది. రెండింటి మీదా వుండేది ప్రొసెక్కో అన్న మాటే! కొండది కావాలంటే చీటీ మీద డి.ఓ.సి.జి. అన్న అక్షరాలూ, ఆ వూళ్ల పేర్లూ వెతుక్కోవాలి. ఎంత పలచబడినా అదే పేరుతో చలామణీ చెయ్యడాన్ని విమర్శించండి, నేనూ గొంతు కలుపుతాను.

చీటీ మీద ఇంకో చిత్రం. "ఎక్స్‌ట్రా డ్రై" అని వుంటే తీపి బొత్తిగా లేదనుకుంటాం కదా? "బ్రూట్" అన్నదే దానికంటే తీపి తక్కువ. బ్రూట్‌లో లీటరుకి పన్నెండు గ్రాముల లోపు పంచదార, ఎక్స్‌ట్రా డ్రైలో పన్నెండు నుంచి పదిహేడు దాకా. వట్టి "డ్రై" అయితే ఇంకా తీపి! ఈ పేర్లు పెట్టినవాళ్లకి దణ్ణం పెట్టాలి.

పోనీ, షాంపేన్ పక్కన నిలబెట్టదగ్గది ఇటలీలో లేదా అంటే వుంది. లొంబార్దీలోని ఫ్రాంచకోర్త. 1961లో గుయిదో బెర్లుక్కి ఇంట్లో ఫ్రాంకో జిలియాని మొదలుపెట్టిన పని అది. సీసాలోనే పులియబెట్టి, మడ్డి మీద కనీసం 18 నెలలుంచుతారు. వాడేదీ ముఖ్యంగా షార్డొనే, పినో నొయార్ ద్రాక్షలే. పద్ధతీ ద్రాక్షా ఒకటే కాబట్టి అక్కడ పోలిక న్యాయం. అస్తి సంగతి వేరు. మొస్కాతో ద్రాక్షరసం పులుస్తూండగానే చల్లబరిచి ఆపేస్తారు. తీపి మిగులుతుంది, మత్తు తక్కువ, భోజనం చివర కేకుతో పుచ్చుకునేది. లాంబ్రుస్కో ఎర్రగా నురగలెత్తుతుంది. కొవ్వు పట్టిన పందిమాంసం తినే ఎమీలియా వాళ్ల నోటికి ఆ పులుపూ వగరూ కావాలి. 1970లూ 80లలో అమెరికాకి తియ్యటి లాంబ్రుస్కో ఓడలకొద్దీ పంపారు. అదే అసలు రుచనుకుని లోకం చులకన చేసింది.

వారపత్రికల్లో రాసే మాలాంటివాళ్లకి ఈ న్యాయం అలవాటే. "బాగానే వుందిగానీ, కాలక్షేపం రచన" అంటారు. కాలక్షేపం కోసమే రాసినదాన్ని మహాకావ్యం కాలేదని కొట్టెయ్యడం విమర్శ కాదు. కాలక్షేపమైనా అయిందా లేదా అని నిలదీస్తే అది విమర్శ. తేలికగా వుండటానికీ ఒక నేర్పు కావాలి. అది లేనప్పుడు తేలిక కాస్తా పలచనవుతుంది.

ప్రొసెక్కోనీ అలాగే అడగండి. తాజాగా వుందా? పండువాసన తేటగా తెలుస్తోందా? తీపి పులుపుని మింగేసిందా? ఆ కొండ పేరుకి తగినట్టుందా? వీటిలో తప్పితే నిర్మొహమాటంగా మార్కులు తగ్గించండి. షాంపేన్ కాలేదని మాత్రం తగ్గించకండి.